వెళ్ళిపోయే ముందు ఇంకాసేపు: ఒక యువ ఫొటోగ్రాఫర్ కేస్ స్టడీ

ఆమె నా దగ్గరికి వచ్చింది లెన్స్ గురించి అడగడానికి. వయసు 23. కెమెరా చేతికొచ్చి రెండేళ్ళు దాటింది. హార్డ్ డిస్క్ కూడా వెంట తెచ్చుకుంది.

"అక్కా, ఫొటోలు బాగానే వస్తున్నాయి. చూసినవాళ్ళందరూ బాగున్నాయనే అంటున్నారు. కానీ వారం తర్వాత చూస్తే నాకే ఒక్కటీ గుర్తుండట్లేదు. ఎక్కువ చోటు పట్టే వైడ్ లెన్స్ తీసుకుంటే ఏమైనా మారుతుందా?"

నేను చాలా ఏళ్ళుగా ఫొటోలు తీస్తున్నాను. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ పని చూడటం కూడా నా పనిలో భాగమే. ఇలాంటి ప్రశ్న ఎంతోమంది అడిగారు. ఈమె విషయంలో మాత్రం మొదటి రోజు నుంచి నోట్సు రాసి పెట్టుకున్నాను. అందుకే ఇది వివరంగా చెప్పగలుగుతున్నాను. ఆమె ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను. పేరు వద్దంది, రాయడం లేదు.

మొదటి మూడు వారాలు నేను ఆమెను తప్పు దారిలో నడిపించాను. వెలుతురు మీద పట్టు లేదేమో అనుకుని, ఒకే బల్బు కింద ఒకే వస్తువును రకరకాల దూరాల్లో తీయమని పని ఇచ్చాను. బల్బుకు 1 మీటరు దూరంలో ఉన్న ముఖాన్ని 2 మీటర్లకు జరిపితే దాని మీద పడే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అది కళ్ళతో చూస్తే ఎవరికైనా ఒక్కసారిగా అర్థమవుతుంది. ఆమెకు రెండో రోజుకే అర్థమైపోయింది. ఫొటోలు ఇంకాస్త శుభ్రంగా వచ్చాయి. "ఏదీ గుర్తుండట్లేదు" అన్న బాధ మాత్రం అలాగే ఉండిపోయింది. నేను చూడాల్సింది ఏరి పెట్టిన ఫొటోలను కాదని అప్పుడు తట్టింది.

ఏరని ఫోల్డర్

ఒక నెలలో తీసినవన్నీ, చెడిపోయినవాటితో సహా, తీసిన వరుసలోనే చూపించమన్నాను. సిగ్గుపడింది. చివరికి ఇచ్చింది. 9 సార్లు బయటికి వెళ్ళింది, 412 ఫ్రేములు ఉన్నాయి.

ప్రతి డిజిటల్ ఫొటోతో పాటు ఎగ్జిఫ్ అనే సమాచారం కూడా ఫైల్లో ఉంటుంది. షట్టర్ వేగం, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం సైజు), ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంత సున్నితమో చెప్పే అంకె), ఫోకల్ లెంగ్త్ (లెన్స్ చూపు ఎంత వెడల్పో చెప్పే అంకె), వీటితో పాటు ఏ క్షణంలో తీశారో సెకన్లతో సహా. మనలో చాలామంది మొదటివి చూసి సమయాన్ని వదిలేస్తాం. నేను ఆ సమయాలనే ఒక పుస్తకంలో రాసుకుంటూ వెళ్ళాను. మూడు పేజీలు నిండేసరికి విషయం బయటపడింది. ఒక్కో చోట మూడు నాలుగు ఫ్రేములు. నిమిషం కూడా నిలబడలేదు. తర్వాత పది నిమిషాల ఖాళీ, అంటే నడక. మళ్ళీ ఇంకో చోట మూడు ఫ్రేములు.

అందులో ఒక వరుస నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. వాన వెలిసిన రోడ్డు. మొదటి ఫ్రేము 7 గంటల 12 నిమిషాల 8 సెకన్లకు, చివరిది 41వ సెకనుకు. నాలుగే ఫ్రేములు. మొదటి మూడింటిలో తడి రోడ్డు, గొడుగు పట్టుకుని వెళ్తున్న మనిషి, అందంగానే ఉన్నాయి. నాలుగో దాంట్లో కుడి అంచున, ఫ్రేములోకి సగం వచ్చిన ఒక చిన్న కాలు. నీటి గుంటలోకి దూకబోతున్న పిల్లవాడి కాలు. ఐదో ఫ్రేము లేదు.

స్క్రీన్ మీద ఆ కాలిని పెద్దది చేసి చూపించాను. "ఇక్కడ ఎందుకు ఆగిపోయావు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "ఆ పిల్లాడి వెనకాలే వాళ్ళ అమ్మ ఉంది అక్కా. నా వైపు చూసింది. నేను కెమెరా దించేశాను."

లెన్స్ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. ఆమెకు కన్ను ఉంది, వెలుతురు తెలుసు, ఎక్కడ నిలబడాలో తెలుసు. ఎవరైనా తనను గమనించేలోపే అక్కడి నుంచి వెళ్ళిపోతోంది. ముందే కనిపించే అందాన్ని మాత్రమే తీసుకుని, అసలు సంగతి మొదలయ్యే సమయానికి నడక అందుకుంటోంది. అలాంటి ఫొటోలన్నీ ఒకదానిలా ఒకటి ఉంటాయి, ఎందుకంటే అవన్నీ రోడ్డుకు అవతలి పక్క నుంచి తీసినవే. ఎవరికీ గుర్తుండకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పెట్టుకున్న నియమాలు

పది వారాలు. వారానికి రెండు ఉదయాలు. ఒకే చోటు: ఆమె ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే ఒక బస్ స్టాప్, దాని పక్క గోడ, గోడవారన సైకిళ్ళు బాగుచేసే ఒక పెద్దాయన కూర్చునే నీడ. వెళ్ళిన ప్రతిసారీ గడియారం చూసుకుని 40 నిమిషాలు ఉండాలి, ఏమీ జరగకపోయినా సరే. రోజుకు 36 ఫ్రేములు మించకూడదు. 35 ఎంఎం ఫిల్మ్ రోల్లో ఉండేది అన్నే. కెమెరాలో ఏ ఫొటోనీ డిలీట్ చేయకూడదు.

లెన్స్ ఆమె దగ్గరున్నదే, 35 ఎంఎం. ఆమె కెమెరా సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్పు) చిన్నది కాబట్టి, 1.5తో గుణిస్తే అది ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, అంటే 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సరున్న కెమెరాలో, సుమారు 52 ఎంఎం చూపు అవుతుంది. ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆంరీ కార్టియే-బ్రెసాన్ జీవితంలో ఎక్కువ భాగం 50 ఎంఎం లెన్సుతోనే పనిచేశాడు. కొత్త లెన్స్ కొనడం వాయిదా వేయించడానికి నాకు ఆయన పేరు బాగా పనికొచ్చింది.

సెట్టింగులు కూడా ముందే నిర్ణయించాం. అపర్చర్ ఎఫ్/8 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 3200 దాకా ఆటో. ఫోకస్ 3 మీటర్ల దగ్గర పెట్టి వదిలేయడం. ఆ లెన్సుతో, ఆ సెన్సరు మీద, ఎఫ్/8 దగ్గర 3 మీటర్లకు ఫోకస్ పెడితే సుమారు 2.2 మీటర్ల నుంచి 4.9 మీటర్ల వరకు ఉన్నదంతా స్పష్టంగానే వస్తుంది. అంటే మనిషి ఆ పరిధిలోకి రాగానే కెమెరా ఎత్తడం, నొక్కడం, అంతే. ఇదంతా ఎందుకంటే, భయపడే మనిషి చేతులకు బటన్లు మంచి సాకు. తల దించుకుని డయల్ తిప్పుతుంటే ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడక్కర్లేదు. ఆ సాకు తీసేయాలనుకున్నాను.

మొదటి మూడు వారాలు నరకంలా గడిచాయని ఆమే చెప్పింది. రోజూ మెసేజ్: "అక్కా, ఏమీ జరగట్లేదు." నేను రోజూ ఒకే జవాబు: "ఎన్ని నిమిషాలు ఉన్నావు?" 36 ఫ్రేముల్లో 15 కూడా వాడకుండా వచ్చేసేది.

మూడో వారం చివర్లో మాత్రం మెసేజ్ మారింది. "అక్కా, స్తంభం నీడ బెంచీ మీదికి 7:25కి వస్తుంది. కూర్చున్నవాళ్ళ ఒడిలోంచి వెళ్తుంది." సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతాడు. 40 నిమిషాల్లో 10 డిగ్రీలు. నిమిషం నిలబడేవాళ్ళకు నీడ ఒక బొమ్మ. 40 నిమిషాలు నిలబడేవాళ్ళకు అది బెంచీ మీద కూర్చున్న ఒక్కొక్కరి మీదుగా నడిచి వెళ్ళే ఇంకో మనిషి. ఆ వారం నుంచి ఆమె నీడ కంటే ముందే వెళ్ళి బెంచీ ఎదురుగా నిలబడటం మొదలుపెట్టింది.

నీళ్ళ తొట్టి

నాలుగో వారంలో సైకిళ్ళ పెద్దాయనే పిలిచాడు.

"రోజూ వచ్చి నిలబడుతున్నావు. ఏం తీస్తున్నావు తల్లీ?"

ఇదివరకైతే నవ్వి తప్పుకునేది. ఆ రోజు ఇంకా 22 నిమిషాలు మిగిలి ఉన్నాయి, వెళ్ళిపోవడానికి లేదు. దగ్గరికి వెళ్ళి కెమెరా వెనక తెరలో నీడ ఫొటోలు చూపించింది. పేరు అడిగింది, తన పేరు చెప్పింది. "మీ పని తీయొచ్చా తాతగారూ?" అని అడిగింది.

"మొహం వద్దు. పని తీసుకో."

దీనికి వారం ముందు నేను ఆమెకు అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంజ్ కథ చెప్పాను. 1936 మార్చిలో, కాలిఫోర్నియాలో బఠాణీలు కోసే కూలీల గుడారాల బోర్డు దాటి లాంజ్ కారులో దాదాపు 20 మైళ్ళు వెళ్ళిపోయింది. మనసొప్పక వెనక్కి తిరిగింది. అలా తిరిగొచ్చి తీసినదే వలస కూలీ తల్లి ఫొటో, ప్రపంచమంతా ఎరిగిన చిత్రం. ఐదు ఫొటోలు తీశాననీ, తీసేకొద్దీ దగ్గరికి జరిగాననీ, ఆ తల్లి పేరు అడగలేదనీ లాంజ్ తర్వాత తనే రాసుకుంది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్ళ తర్వాత. ఆ ఫొటో వల్ల తనకు దక్కింది ఏమీ లేదని, పేరైనా అడగలేదని థాంప్సన్ బాధపడింది. వెనక్కి తిరగడం ఎంత గొప్పదో, పేరు అడగకపోవడం అంత పెద్ద లోటు అని నా గట్టి నమ్మకం. ఈ రెండూ ఒకే కథలో ఉన్నాయి కాబట్టే కొత్తవాళ్ళందరికీ ఇది చెబుతాను.

ఇక ఆ రోజు ఆయన వేస్తున్న పంక్చర్ సంగతి. పెద్దాయన టైరులోంచి ట్యూబు లాగి, పంపుతో కాస్త గాలి కొట్టి, తొట్టిలో నీళ్ళలో ముంచాడు. రెండు చేతులతో పట్టుకుని, జానెడు జానెడు చొప్పున తిప్పుతూ నీళ్ళ కింద నొక్కుతున్నాడు. బుడగలు వచ్చిన చోట చిల్లు. ఆమె మొదట నిలబడే తీసింది, 3 మీటర్ల నుంచి. ఆ ఫ్రేములు నేను చూశాను: ఒక మనిషి, ఒక తొట్టి, ఒక సైకిల్. పంక్చర్ వేయడం గురించి అందరికీ తెలిసిందే అందులోనూ ఉంది. తర్వాత ఆమె గొంతుక్కూర్చుంది. నియమం తప్పి ఫోకస్ దగ్గరికి తెచ్చి, అపర్చర్ ఎఫ్/4కి తెరిచింది. తొట్టి అంచుకు మోకాలు ఆనించి, నీళ్ళకు రెండు జానల ఎత్తున కెమెరా పట్టుకుంది.

ఆ ఫ్రేములో ఆయన బొటనవేలు ట్యూబు మీద ఉంది. గోరు చుట్టూ నల్లటి గ్రీజు గీత. వేలి పక్క నుంచి ఆవగింజంత బుడగ అప్పుడే విడిపోతోంది, ఇంకా పైకి రాలేదు. నీళ్ళ పైన ఆకాశం తెల్లగా, మధ్యలో వంగి చూస్తున్న ఆయన తల నీడ. మొహం వద్దన్నాడు. మొహం లేదు. అయినా ఆ వేలు నొక్కుతున్న తీరులో ఆ మనిషి మొత్తం ఉన్నాడు. 36వ నిమిషంలో తీసిన ఫ్రేము అది.

తర్వాతి వారం ఆ ఫొటో ప్రింటు వేయించి ఇచ్చింది. ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు లెక్క వేసుకుంటే 8 బై 12 అంగుళాలకు 2400 బై 3600 పిక్సెళ్ళు చాలు, అంటే 8.64 మెగాపిక్సెళ్ళు. ఈ రోజుల్లో ఏ కెమెరా అయినా అంతకు మించే ఇస్తుంది. ప్రింటు ఇచ్చిన రోజు నుంచి ఆ బస్ స్టాప్‌లో ఆమె పరిచయమైన మనిషి అయిపోయింది. "మా పాపను కూడా తీస్తావా?" అని అడిగిన తల్లి ఒకరు, "నా ఫొటో ఏది?" అని ఆటపట్టించిన కాలేజీ పిల్లలు. వాళ్ళలో కొందరు వద్దన్నారు. వద్దన్నవాళ్ళను తీయలేదు. కాదనిపించుకోవడం కూడా అలవాటైంది, అది కూడా ఈ పనిలో నేర్చుకోవాల్సిందే.

ఆరో వారంలో మెమరీ కార్డు చెడింది. కంప్యూటర్లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. ఏడుస్తూ ఫోన్ చేసింది. చేయకు, కార్డు బయటికి తీసి పక్కన పెట్టు అన్నాను. ఫొటోలు పోయినట్టు కనిపించినా చాలాసార్లు పోయేది వాటి జాబితా మాత్రమే. అసలు డేటా మీద కొత్తది రాసేదాకా అది కార్డులోనే ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో 61 ఫ్రేముల్లో 48 తిరిగొచ్చాయి. 13 రాలేదు. ఆ రోజు నుంచి మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఇంట్లో.

కదలని కెమెరా

ఇది నేను ఇచ్చిన పని కాదు. ఆమె సొంత ఆలోచన. ఈ కేసులో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించినది ఇదే.

"నేను 40 నిమిషాలు నిలబడుతున్నాను కదా అక్కా, ఆరు నెలలు నిలబడే కెమెరా పెడతాను" అంది. సోలార్‌గ్రఫీ చాలామంది చేసే ప్రయోగమే: చిన్న చిల్లున్న డబ్బాను నెలల తరబడి కదలకుండా ఉంచి సూర్యుడి దారిని కాగితం మీద పట్టడం. 6.5 సెంటీమీటర్ల వెడల్పున్న రేకు డబ్బా, పక్కన సూదితో పొడిచి గరుకు కాగితంతో నున్నగా చేసిన చిల్లు, సుమారు 0.35 మిల్లీమీటర్లు. లోపల చిల్లుకు ఎదురుగా వంచి పెట్టిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో కాగితం. అపర్చర్ లెక్క వేస్తే ఎఫ్/185 దగ్గర వస్తుంది. కాగితాన్ని డెవలప్ చేయకూడదు, చేస్తే మొత్తం నల్లబడుతుంది. నెలల తరబడి పడిన ఎండకే దాని మీద బొమ్మ దానంతట అదే తేలుతుంది.

డిసెంబరు 21న, అడగాల్సినవాళ్ళను అడిగి మూడు డబ్బాలు తూర్పు ముఖంగా కట్టింది. ఒకటి నెలలోపే మాయమైంది. రెండోదాని మూతకు టేపు సరిగా అంటక నీళ్ళు దిగాయి, కాగితం ఉబ్బి బూజు మచ్చలు పడ్డాయి. మూడోది జూన్ 21 దాకా కదలకుండా నిలిచింది.

డిసెంబరు 21 నుంచి జూన్ 21 దాకా సూర్యుడు ఉదయించే చోటు రోజురోజుకీ కొంచెం కొంచెం ఉత్తరానికి జరుగుతుంది. కాగితం స్కాన్ చేసి, రంగులు తిరగేసి, కుడి ఎడమలు మార్చి చూస్తే ఆ జరగడమంతా కనిపించింది. పక్కపక్కనే ఏటవాలు గీతలు, రోజుకొకటి. మబ్బు పట్టిన ఉదయాలు ఖాళీలు. ఆ గీతల్లో ఒకచోట వెడల్పాటి ఖాళీ ఉంది. ఆమె దాన్ని డైరీతో సరిచూసుకుంది. వాన పడుతోందని బస్ స్టాప్‌కి వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయిన వారం అది. "నేను వెళ్ళని రోజుల్లో సూర్యుడు కూడా రాలేదు అక్కా" అని ఆనందంగా ఫోన్ చేసింది. కాగితానికి వేలు తాకిస్తే ఎక్కడ చెరిగిపోతుందోనని అంచులు మాత్రమే పట్టుకుని నాకు చూపించిన తీరు మర్చిపోలేను. రెండేళ్ళలో తీసిన వేల ఫొటోల్లో దేన్నీ ఆమె అలా పట్టుకోలేదు.

ఏరడం

20 ఉదయాలకు గాను 18 వెళ్ళింది.  మిగిలిన ఫ్రేములన్నిటినీ చిన్న చిన్న ప్రింట్లుగా వేయించి నేల మీద పరిచాం. తెర మీద ఏరితే మెరిసేవి గెలుస్తాయి. నేల మీద పరిచి చుట్టూ నడుస్తూ నాలుగు రోజులు చూస్తే, మళ్ళీ మళ్ళీ కాళ్ళు ఆగే చోట ఉన్నవి గెలుస్తాయి. చివరికి 14 మిగిలాయి.

తర్వాతే వాటి సమయాలు చూశాం, ముందు చూస్తే ఎంపిక మీద దాని ప్రభావం పడుతుందని. 14లో 9 ఫొటోలు 25వ నిమిషం తర్వాత తీసినవి. మొదటి పది నిమిషాల్లో తీసినవి 2. ఇది ఒక్క మనిషి, ఒక్క చోటు, ఒక్క కాలం. అందరికీ ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనను. వేగంగా నడుస్తూ అద్భుతంగా తీసే ఫొటోగ్రాఫర్లు ఉన్నారు, వాళ్ళను ఒక చోట కట్టేస్తే ఊపిరాడదు. ఈమెకు మాత్రం మందు ఇదే.

ఇంకోసారి చేస్తే ఒకటి మారుస్తాను. 36 ఫ్రేముల హద్దు మొదటి రోజు నుంచి పెట్టకూడదు. అప్పటికే వెనకాడుతున్న మనిషికి అది ఇంకో బ్రేకు అయింది. ముందు మూడు వారాలు ఎన్నయినా తీయనిచ్చి, చేతికి చొరవ వచ్చాక హద్దు పెట్టాలి. 40 నిమిషాల నియమాన్ని మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గించను.

వైడ్ లెన్స్ ఆమె ఇప్పటిదాకా కొనలేదు. ఇప్పుడు అదే చోటికి సాయంత్రాలు వెళ్తోంది. నీడలు అటు నుంచి ఇటు వస్తున్నాయి, బెంచీ మీద వేరే మనుషులు.

14 ఫొటోలనూ, డబ్బా తీసిన సూర్యుడి గీతలనూ ఒక ఆదివారం ఉదయం ఆ గోడకే తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. బస్సు కోసం వచ్చినవాళ్ళు చూశారు, కొందరు బస్సు వదిలేసి చూశారు. పెద్దాయన పని ఆపి, చేతులు తుడుచుకుని, వరుసగా అన్నీ చూసుకుంటూ నీళ్ళ తొట్టి ఫొటో దగ్గర ఆగాడు. బొటనవేలును ఫొటోలోని వేలి పక్కన పెట్టి పోల్చుకున్నాడు.

"ఇది నాదని ఎవరికి తెలుస్తుంది తల్లీ? కింద నా పేరు రాయి."

పేరు ఎలా రాయాలో ఆమె ఆయన్ని అడగలేదు. నాలుగో వారం నుంచే ఆమె నోట్‌బుక్కులో ఉంది. పెన్ను మూత తీసి, ప్రింటు అంచున ఉన్న తెల్లటి చోట, మెల్లగా రాసింది.